నోటీసు లేకుండా వచ్చిన మనిషి

మేడమ్ గారి భర్త మాస్టారూ, మాస్టారి పక్కన కూర్చున్న వాళ్లమ్మాయీ, మేడమ్ గారితో కలిసి పనిచేసిన తనిఖీ శాఖవారూ, మిల్లుల యజమానులారా, షిఫ్టు వదులుకుని వచ్చిన కార్మిక సోదరులారా, అక్కచెల్లెళ్లారా, అందరికీ నమస్కారం.

మన పారిశ్రామికవాడకు ఇరవై రెండేళ్లు బాయిలర్ ఇన్‌స్పెక్టరుగా ఉన్న మేడమ్ గారు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఇంతమంది వస్తారని నేననుకోలేదు. కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డవాళ్లని చూస్తున్నాను. ఆవిడ బతికుండగా ఈ హాల్లోకి అడుగుపెడితే మన యజమానుల్లో సగం మంది వెనక తలుపులోంచి జారుకునేవాళ్లం. నవ్వండి, ఫర్వాలేదు. ఆ మాట ఆవిడ వింటే ముందు ఆవిడే నవ్వేవారు.

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు ఆవిడ నిజాయితీ గురించి చెప్పారు, పట్టుదల గురించి చెప్పారు. అన్నీ నిజాలే. మిల్లు యజమానుల సంఘం అధ్యక్షుణ్ణి కాబట్టి ఆఖరున నన్ను మాట్లాడమన్నారు. నాకు మాట్లాడటం బాగా వచ్చు. ఆ వచ్చిన మాటలతోనే ఆవిడకు ద్రోహం చేశాను. ఇవాళ నేను పొగడటానికి రాలేదండీ. సిగ్గుతో తల ఎత్తలేక వచ్చాను. కాస్త ఓపిక పట్టి వినండి.

ఆవిడ మొదటిసారి మా రంగుల అద్దకం మిల్లుకి వచ్చిన రోజు చెబుతాను. ఆఫీసు గదిలో టేబుల్ మీద ఫైళ్లన్నీ వరసగా పేర్పించాను. ఫ్యాను ఆవిడ కూర్చునే కుర్చీ వైపు తిప్పించాను. ఆవిడ ఆ గది గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, ఒక్కటే మాట అన్నారు. "కాగితం ఎప్పుడూ చల్లగానే ఉంటుందండీ, బాయిలర్ దగ్గరికి పదండి."

అక్కడికి వెళ్లాక నాతో మాట్లాడలేదు. మా బాయిలర్ మేస్త్రీతో మాట్లాడారు. నీళ్లు ఎప్పుడు మారుస్తారు, రాత్రి షిఫ్టులో ఎవరుంటారు, చప్పుడేమైనా మారిందా అని, పక్కింటి వదినతో మాట్లాడినట్టు మాట్లాడారు. తర్వాత సంచీలోంచి చిన్న సుత్తి తీశారు. ఆ సుత్తితో రేకు మీద జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ, చెవి పెట్టి వింటూ వెళ్లారు. ఒకచోట ఆగారు. మళ్లీ తట్టారు. నాకైతే అన్నీ ఒకేలా వినపడ్డాయి. ఆవిడ అక్కడికక్కడే మంట ఆర్పించి, నడపకూడదని ఉత్తర్వు రాసి, తలుపుకి సీలు వేశారు.

అప్పుడు మా మిల్లులో పెద్ద ఆర్డరు పని నడుస్తోంది. బతిమాలాను, కేకలేశాను, పైవాళ్లకి ఫోన్లు చేయించాను. ఆవిడ కదల్లేదు. నాలుగో రోజు ఆ రేకు కోయించి చూస్తే, లోపల తుప్పు తినేసి గోరంత మందం మిగిలింది. ఆ ముక్క చేత్తో పట్టుకుంటే వంగింది. చూసి నేనేం చేశానంటారా? దండం పెట్టానా? లేదు. ఆ ముక్కని తుక్కులో పారేయించి, ఆవిడ కక్షగట్టి నా మిల్లు మూయించిందని వాడంతా చెప్పుకుంటూ తిరిగాను. "సుత్తి మేడమ్" అని పేరు పెట్టింది కూడా నేనే. మీలో చాలామంది ఇవాళ ప్రేమగా అంటున్నారు ఆ పేరుని. పెట్టినవాడు ప్రేమతో పెట్టలేదు.

ఆ రోజుల్లో మన సంఘం ఎలా ఉండేదో పాతవాళ్లకి తెలుసు. ఆవిడ స్కూటర్ పెట్రోలు బంకు మలుపు తిరిగిందంటే ఒకరికొకరు ఫోన్లు. "చుట్టాలొస్తున్నారు, ఇల్లు సర్దుకోండి" అని. ఒకసారి పొరపాటున ఆవిడకే ఫోన్ చేశాడు మన కోశాధికారి. "సరే, సర్దుకోండి, పది నిమిషాల్లో వస్తున్నాను" అన్నారట ఆవిడ.

ఆ తర్వాత ఏం జరిగింది? ఇదే హాల్లో, ఇదే మైకు ముందు నిలబడి, తనిఖీల పెత్తనం పోవాలని నేను గంటసేపు ప్రసంగం చేశాను. చప్పట్లు మోగిపోయాయి. నేనన్నవన్నీ అబద్ధాలా? కాదు. ఒక లైసెన్సు కోసం పదకొండు గదులు తిరిగిన మాట నిజం. చేయి తడిపితేగానీ కదలని అధికారులు ఉన్న మాట నిజం. అర్థంపర్థం లేని ఫారాలు నింపి నింపి మనం విసిగిపోయిన మాట నిజం. కానీ ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికే నిప్పు పెట్టుకోమన్నాను నేను. మంత్రిగారి దగ్గరికి వెళ్లిన బృందానికి నేనే పెద్దని. ముసాయిదా రాసింది నేనే. చెప్పాపెట్టకుండా తనిఖీకి రాకూడదు, పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మంచి రికార్డున్న మిల్లులు తమ బాయిలర్ బాగుందని తామే రాసిచ్చుకోవచ్చు. మిల్లు ఆపాలంటే ఇన్‌స్పెక్టర్ సంతకం చాలదు, పై అధికారి సంతకం కావాలి. అడిగినవన్నీ ఇచ్చారు. మనం మిఠాయిలు పంచుకున్నాం.

ఆ వారంలో ఆవిడ నాకు రోడ్డు మీద ఎదురుపడ్డారు. దెప్పిపొడుస్తారనుకున్నాను. ఆవిడన్న మాట ఇది. "నా దగ్గర్నుంచి తీసుకున్నామని మీరు అనుకుంటున్నారు. ఆ అధికారం నాది కాదండీ. బాయిలర్ పక్కన నిలబడేవాడిది. ఆపమని వాడు మిమ్మల్ని అడగలేడు కాబట్టి, వాడి తరఫున నాకిచ్చారు." నేను నవ్వేసి కారెక్కాను. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పి మళ్లీ నవ్వాను.

ఇక మీకు తెలియని సంగతికి వస్తాను.

బాయిలర్‌కి సేఫ్టీ వాల్వు ఉంటుంది. లోపల ఒత్తిడి హద్దు దాటితే అది తెరుచుకుని ఆవిరి బయటికి వదిలేస్తుంది, గట్టిగా అరుస్తుంది. పని పెరిగాక మాది రోజుకి పదిసార్లు అరిచేది. ఆవిరంతా వృథా అవుతోందని, పని ఎక్కువున్నప్పుడల్లా దాని మీటని ఇనుప తీగతో కట్టేయించడం మొదలుపెట్టాను. మేస్త్రీ వద్దన్నాడు. "దాని నోరు కట్టేయకండయ్యా, అది మన మంచికే అరుస్తోంది" అన్నాడు. కట్టకపోతే ఇంకో మేస్త్రీ కడతాడన్నాను. ఇంట్లో నలుగురు పిల్లలున్న మనిషి. కట్టాడు. నోటీసు వచ్చినప్పుడు తీగ తీసేవాళ్లం, తనిఖీ అయ్యాక మళ్లీ కట్టేవాళ్లం. పదిహేను రోజులు గడువుంటే తీగేమిటి, ఏనుగునైనా దాచొచ్చు.

కొన్నాళ్లకి ఆ నోటీసులు కూడా పోయాయి. మాకు మేమే రాసిచ్చుకునే వెసులుబాటు వచ్చింది. ఆ కాగితం తయారుచేసేవాడు మా బావమరిది, మా మేనేజరు. కొత్తగా రాయడానికి బద్ధకం. మేడమ్ గారు ఆఖరిసారి తనిఖీ చేసినప్పటి ఫారం తీసి, తేదీ దగ్గర తెల్ల కాగితం ముక్క అంటించి, జిరాక్సు తీయించి పంపేవాడు. కింద ఆవిడ సంతకం అలాగే పడేది. మూడేళ్లు అలా పంపాం. పైన ముద్ర వేసినవాళ్లు ఒక్కరైనా చూడలేదు. నేను చూశాను. చూసి, పోనీలే, సంతకం ఉంటే ఇంకా మంచిదేగా అనుకున్నాను.

ఆవిడ అప్పటికి స్కూటర్ మానేసి, రోజూ మా మిల్లు ముందునుంచే బస్సులో ఆఫీసుకి వెళ్లేవారు. ఒక ఉదయం మా గేటు ముందు బస్సు దిగారు. చేతిలో నోటీసు లేదు, లోపలికొచ్చే అధికారం లేదు. ఒకసారి బాయిలర్ చూసి వెళతానని కాపలావాణ్ణి అడిగారు. వాడు నాకు ఫోన్ చేశాడు. నోటీసుంటేనే రానిమ్మన్నాను. మేడ మీద కిటికీ కర్టెన్ పక్కకి జరిపి చూస్తూ నిలబడ్డాను. ఎండలో అరగంట నిలబడ్డారండీ ఆవిడ. యాభై ఆరేళ్ల మనిషి. తర్వాత సంచీ మీద కాగితం పెట్టుకుని ఏదో రాసి, కాపలావాడికిచ్చి, తర్వాతి బస్సెక్కి వెళ్లిపోయారు.

ఆ చీటీలో ఉన్నది చదువుతాను. "మీ వాల్వు అరుపు పది రోజులుగా రోడ్డు మీదికి వినపడటం లేదు. దయచేసి ఒక్కసారి చూడండి. ఇది నోటీసు కాదు, మనవి." కింద సంతకం, తేదీ.

చదివి సొరుగులో పడేశాను.

ఆరో రోజున గొట్టం పగిలింది. ఆవిరి మేస్త్రీ ముఖం మీదికి కొట్టింది. రెండు కళ్లూ పోయాయి. మేస్త్రీ ఇక్కడే ఉన్నాడు. రెండో వరుసలో, భార్య చేయి పట్టుకుని. మేస్త్రీ, నీకివేవీ కొత్త కాదు. నువ్వు ఎవరికీ చెప్పలేదు, అంతే.

అధికారులొచ్చేలోపు మా బావమరిది తీగ కోసి పారేశాడు. ఆస్పత్రి మంచం మీదున్న మనిషి పేరుతో, వాల్వు బాగానే పనిచేసిందని వాంగ్మూలం మేమే రాసుకుని, చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకున్నాం. విచారణలో ఆ సంవత్సరం కాగితం బయటికొచ్చింది. కింద ఎవరి సంతకం ఉంది? మేడమ్ గారిది. చూడకుండా సంతకం పెట్టారన్నారు. అది పాత సంతకమని ఆవిడ చెప్పారు. అసలు ఫైలు శాఖలో దొరకలేదు. అప్పుడావిడ విచారణాధికారి ముందు నా వైపు తిరిగి, "గేటు దగ్గర చీటీ ఇచ్చి వెళ్లాను, మీకు అందిందా?" అని అడిగారు.

అందలేదన్నాను.

ఒక్క మాటండీ. అంతకంటే ఏమీ అనలేదు. గంట ప్రసంగాలు చేసేవాడికి ఆ ఒక్క మాట చాలింది. ఆవిణ్ణి బాయిలర్ల నుంచి తీసి రికార్డుల గదిలో కూర్చోబెట్టారు. రెండేళ్లకి అక్కడే పదవీ విరమణ చేశారు. సర్వీసు పుస్తకంలో "విధి నిర్వహణలో నిర్లక్ష్యం" అనే మాట అలాగే మిగిలింది. ఇరవై రెండేళ్లలో ఒక్క రేకుని కూడా తట్టకుండా వదలని మనిషికి, నిర్లక్ష్యం.

విచారణ గది బయట వరండాలో ఆవిడ నాకు ఎదురయ్యారు. తిడతారని తల దించుకున్నాను. "మిగతా రెండు బాయిలర్లకి కూడా తీగ కట్టారా? ఇవాళే తీయించండి" అన్నారు. తీయించాను. ఆవిడ చెప్పాక నేను వెంటనే చేసిన పని నా జీవితంలో అదొక్కటే.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పీ లాభం లేదు. రెండు నెలల కిందట, ఆవిడ ఆస్పత్రిలో ఉండగా, మాస్టారు మా మిల్లు ఆఫీసుకి వచ్చారు. అమ్మాయి ఆ మచ్చ తీసేయమని అర్జీ పెట్టిందట. సాక్ష్యం కావాలన్నారట. మాస్టారు నన్ను నిలదీయలేదు. "ఆ చీటీ మీ ఆఫీసులో ఎక్కడైనా పడి ఉందేమో వెతికిస్తారా? కళ్లు మూసేలోపు ఆవిడకి చూపించాలి" అన్నారు. తప్పకుండా వెతికిస్తానన్నాను. మంచినీళ్లు ఇచ్చాను. గేటు దాకా సాగనంపాను. ఆ చీటీ మేమిద్దరం కూర్చున్న బల్ల సొరుగులోనే ఉంది మాస్టారూ. మీ మోకాలికి జానెడు దూరంలో. నేను సొరుగు తెరవలేదు. రేపిద్దాం, ఎల్లుండిద్దాం అనుకున్నాను. ఆ మధ్యలో ఆవిడ పోయారు.

ఇదిగో ఆ చీటీ. దీనితో పాటు తీగ సంగతి, జిరాక్సు సంగతి, వేలిముద్ర సంగతి అన్నీ రాసి సంతకం పెట్టాను. ఈ సంతకం జిరాక్సు కాదు. వేదిక మీదున్న చీఫ్ ఇన్‌స్పెక్టర్ గారూ, అందరి ముందూ తీసుకోండి. రసీదు ఇప్పించండి. నాకేం శిక్ష పడాలో అది పడనివ్వండి. అధ్యక్ష పదవికి రాజీనామా కార్యదర్శికి పొద్దున్నే ఇచ్చాను. పదిహేను రోజుల నోటీసు నియమం తీసేయమని, అది రాసిన చేత్తోనే రాసి మంత్రిగారికి పంపాను. ఇప్పుడు నా మాట ఎవరు వింటారో నాకు తెలియదు. మీరైనా అడగండి. మిల్లుల యజమానులారా, ముఖ్యంగా మీరు అడగండి. ఇవాళ ఇళ్లకి వెళ్లేముందు మీ మీ వాల్వులు చూసుకుని వెళ్లండి.

మాస్టారూ, అమ్మాయీ, నన్ను క్షమించమని అడగను. అడిగితే మీరు మంచివాళ్లు కాబట్టి ఇస్తారేమోనని భయం. మేస్త్రీ, నిన్ను కూడా అడగను.

ఇప్పుడు ఆనవాయితీ ప్రకారం అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలి. మీరు పాటించండి. మేడమ్ గారిని తలుచుకుని, మనస్ఫూర్తిగా పాటించండి. నన్ను మాత్రం మీతో కలుపుకోకండి. నేను ఆరేళ్లు పాటించాను.

లేవండి.