చిన్నగా వాయిస్తారట

నువ్వు ఆ కట్టుడు పళ్ళ దవడ అరగదీసుకుంటూనే ఉండు బావా, నాకేం. చెప్పాల్సింది చెప్పి పోతా. కూర్చోమనకు. నీ గదిలో ఎక్కడ కూర్చున్నా పిండిలో పడ్డ ఎలకలా లేవాలి. నిలబడే చెప్తా.

మావాళ్ళు రోజూ సాయంత్రం నీ దగ్గరికొస్తున్నారంట. అవునా, కాదా?

తల అలా అడ్డంగానూ నిలువుగానూ కాకుండా ఊపితే నేనేం అర్థం చేసుకోను? సర్లే. అవునని నాకు తెలుసు. తెలిసే వచ్చా.

నువ్వే చెప్పు బావా, ఈ ఊళ్ళో గిటారోళ్ళ సంఘానికి పెద్దెవడు? నేనే కదా. టైర్ల కొట్టు మీద ఆ గది సంపాదించిందెవడు? నేనే కదా. గిటారు తప్ప ఇంకో శబ్దం లోపలికి రాకూడదని కట్టడి పెట్టిందెవడు? అదీ నేనే. అలాంటి నాకు మాటమాత్రం చెప్పకుండా, నా సంఘం మొత్తం కట్టుబట్టల్తో లేచొచ్చి, కట్టుడు పళ్ళు చేసేవాడి దుకాణంలో బస్తాల మీద కూర్చుని మౌతార్గాన్ వింటారా? గిటారు పట్టిన చేతులతో? గిటారు ముక్క కూడా లేని పాట?

ఛీ. వీళ్ళని వాయించేవాళ్ళంటారా.

నిన్ననడం లేదు బావా. మా అక్కని చేసుకున్న రోజు నుంచీ నిన్ను అంటూనే ఉన్నాగా, కొత్తగా అనడానికి ఏం మిగిలింది? నువ్వు జేబులోంచి ఆ వాయిద్యం తీసినప్పుడల్లా 'బావ దువ్వెన తీశాడ్రోయ్' అనేవాణ్ణి. అక్క కూడా నవ్వేది. నువ్వూ నవ్వేవాడివి. తర్వాత నువ్వు ఇంట్లో తియ్యడం మానేసి దుకాణంలో తియ్యడం మొదలెట్టావు. మంచిదేలే, ఇంట్లో గోల తగ్గింది అనుకున్నాం.

అసలెలా పట్టుకున్నానో తెలుసా? పిర్రల మీద.

నవ్వకు. నిజం. మొదట గోళ్ళాయన వచ్చాడు సంఘానికి. తెలుసుగా, కుడిచేతి గోళ్ళు పెంచి, అన్నం తినేటప్పుడు కూడా తొడుగేసుకుంటాడే, ఆయన. వెనక్కి తిరిగితే ప్యాంటు మీద తెల్లగా రెండు గుండ్రాలు. సున్నం పనికి పోతున్నాడేమో పాపం అనుకున్నా. తర్వాత పెడలోడు వచ్చాడు. కాళ్ళతో తొక్కే పెట్టెలు లేందే వాడికి పాట రాదు, అన్ని పెట్టెలు విమానం నడిపేవాడి కింద కూడా ఉండవు. వాడి వెనకా తెలుపే. చివరికి లారీ వచ్చాడు, లావు తీగల గిటారు వాయించే లావు మనిషి. ఆయన వెనక ఉన్న తెలుపుతో ఒక గోడకి వెల్ల వెయ్యొచ్చు.

ఊరు మొత్తం మీద అంత తెల్లపొడి ఎక్కడుంటుంది? పళ్ళ అచ్చులు పోసేవాడి దగ్గరే ఉంటుంది. నా బుర్ర అలాంటిది బావా. నాలుగో క్లాసులో బడి మానేశా గానీ, లేకపోతే పోలీసులకి పని ఉండేది కాదు.

నేనెవర్ని? ఒకసారి హాలు నిండా జనం, పాట మధ్యలో తీగ తెగింది. మిగతా అయిదు మీద వాయించా. ఇంకోటి తెగింది. నాలుగు మీద వాయించా. అలా తెగుతూ తెగుతూ ఒక్కటే మిగిలింది. దాని మీద హాలంతా గంతులేయించా. అదీ తెగింది. జనం లేచి పోయారా? లేదు. ఉత్త చెక్క మీద వేళ్ళు ఆడిస్తుంటే అలాగే ఊగుతున్నారు. తీగ లేదని వాళ్ళకి చెప్పేవాడేడీ? కావాలంటే అక్కనడుగు. ఆ రోజు అక్క రాలేదు, నిజమే. అయినా అడుగు.

అలాంటి నన్ను వదిలి దువ్వెన దగ్గరికొచ్చారు, సన్నాసులు.

అసలు గిటారోడు ఇంకో గిటారోణ్ణి ఎలా వింటాడో నీకు తెలియదు. మా గదికి ఒక్కసారీ రాలేదుగా నువ్వు. పిలవలేదనుకో. ఒకడు వాయిస్తుంటే మిగతావాళ్ళు చేతులు కట్టుకుని నిలబడతారు. గోడకి చేరబడి. కళ్ళు మాత్రం వాడి ఎడంచేతి వేళ్ళ మీద. ఏ తీగ, ఏ మెట్టు, ఏ వేలు. వీడికి నాకంటే ఎక్కువొచ్చా, తక్కువొచ్చా. అంతే. వినడానికి చెవులు కావాలా? అక్కర్లేదు. చెవిటివాడు కూడా మా సంఘంలో ఉండొచ్చు, ఒకడున్నాడని నా అనుమానం. పాటయ్యాక చప్పట్లుండవు. చప్పట్లు కొడితే వాడు గొప్పోడని ఒప్పుకున్నట్టే కదా. 'కొత్త తీగలు వేశావా?' అంటారు. మాలో అదే పెద్ద మెచ్చుకోలు.

పెళ్ళికెళ్ళి వంటవాడి గరిటె చూసొచ్చే రకం బావా మేం. తిన్నామా లేదా మాకే తెలియదు.

సరే, మొన్న వాళ్ళ వెనకే వచ్చా. చేత్తో పట్టుకుని, మెడలు వంచి, మెట్ల మీంచి దింపుకుపోదామని. బయట చెప్పుల వరస చూస్తేనే ఒళ్ళు మండింది. మా గదిలోకి చెప్పులతోనే తొక్కుకుంటూ వస్తారు వెధవలు, ఇక్కడ విప్పారు.

తలుపు ఓరగా ఉంది. పక్కన నీ పళ్ళ బీరువా చాటున నిలబడ్డా. పైనుంచి కిందిదాకా పళ్ళే, నన్ను చూసి ఇకిలిస్తున్నాయి. సందులోంచి నువ్వు కనిపిస్తున్నావు. వాయించడానికి నీ నోట్లో కట్టుడు పళ్ళు తీసి టీగ్లాసు పక్కన పెట్టావు. బుగ్గలు లోపలికి పోయాయి. చూడ్డానికి పాత పర్సులా ఉన్నావు బావా, ఏమనుకోకు. రెండు చేతులూ మూతి మీద మూశావు.

నేను వేళ్ళ కోసం చూశా. అలవాటు కదా.

ఏవీ? దోసిలి మూసేసుంది. ఏ వేలూ ఏ మెట్టూ ఎక్కడం లేదు, దిగడం లేదు. లోపల ఏం జరుగుతోందో నీకూ ఆ దేవుడికీ తెలియాలి. చూడ్డానికి ఏమీ లేదు బావా. ఏమీ లేదు.

ఇంకేం చెయ్యను? విన్నా.

అదే, ఒకప్పుడు ఇంట్లో వాయించేవాడివే, ఆ ఆగి ఆగి నడిచే పాట. మెట్టు మెట్టుకీ ఆయాసపడే ముసలావిడలా నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది. నువ్వు ఊపిరి తీసుకునే చోటన్నమాట. ఆ ఆగిన చోట గదిలో ఎవడూ కదల్లేదు. గోళ్ళాయన తొడుగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పెడలోడి కాళ్ళు రెండూ నేల మీద ఊరికే ఉన్నాయి, ఆ కాళ్ళు ఊరికే ఉండగా నేనెప్పుడూ చూళ్ళేదు. లారీ అయితే నోరు తెరిచేశాడు, ఆయన నోట్లో ఏ పన్ను పుచ్చిందో నువ్వు లెక్క చూసుకునే ఉంటావు.

నాకెంత అసహ్యమేసిందంటే. ఆరు తీగలు పెట్టుకుని, పెట్టెలు పెట్టుకుని, గోళ్ళు పెట్టుకుని, చివరికి నోట్లో పళ్ళు కూడా లేని మనిషి ముందు ఇలా చతికిలపడతారా? ఎందుకు వింటున్నారో తెలుసా? కుళ్ళుకోడానికి ఏమీ లేదు కాబట్టి. అంతే. వాళ్ళకి రాదు, రావాలనీ లేదు, కాబట్టి హాయిగా వింటున్నారు. గిటారు లేని చోటే గిటారోడు మనిషవుతాడు. ఏం బతుకులు బావా మావి?

ఏంటా చూపు? మరి అప్పుడే లోపలికెందుకు రాలేదనా?

వద్దామనే. కాలెత్తా కూడా. అప్పుడు నా ఎడంచెయ్యి చూసుకున్నా.

ఈ వేళ్ళు ఆగవు బావా. నీ చెల్లెల్నడుగు, నిద్రలో ఆవిడ వీపు మీద వాయిస్తానంట, ఒకోసారి దిండు తీసుకుని హాల్లోకి పోతుంది. డాక్టరు నాడి పట్టుకుంటే ఆయన మణికట్టు మీద మూడు మెట్లు వాయించా. అలాంటి చెయ్యి, ఆ బీరువా పక్కన, చచ్చిన కప్పలా వేలాడుతోంది. పాటయ్యేదాకా కదల్లేదు.

భయమేసి ఇంటికిపోయా.

అదలా ఉంచు. అసలు గొడవ అది కాదు. ఇవాళ మధ్యాహ్నం ముగ్గురూ కూడబలుక్కుని నా దగ్గరికొచ్చారు. దాచిపెట్టినందుకు ఏమనుకోవద్దంట. రేపు సాయంత్రం గిటార్లు పట్టుకుని నీ దగ్గరికి పోతారంట. నువ్వు వాయిస్తుంటే వెనక మేళం కడతారంట. నన్నూ రమ్మన్నారు. 'చిన్నగా వాయిస్తాం అన్నా, పెద్దాయన పాటకి అడ్డం రాం' అని గోళ్ళాయన గుండె మీద గోళ్ళు పెట్టుకుని చెప్పాడు.

చిన్నగానంట. గిటారోడు చిన్నగా వాయిస్తానన్నాడంటే పాము చిన్నగా కరుస్తానన్నట్టే బావా.

ఏం జరుగుతుందో విను. రేపు నిజంగానే చిన్నగా వాయిస్తారు. నీకు ముచ్చటేస్తుంది. ఎల్లుండి పెడలోడు ఒక్క పెట్టె తెస్తాడు, ఒక్కటే, చిన్నది. దాని పిల్లలు తర్వాత వస్తాయి. గోళ్ళాయన అంటాడు, మధ్యలో ఒక చోట నేను కొంచెం అందుకుంటానూ అని. నేను అందుకోకూడదా అని పెడలోడు. కొట్టుకుంటారు. స్పీకర్లు పెట్టడానికి చోటు చాలక నీ పళ్ళ బీరువా జరుపుతారు. వారం తిరక్కుండా నువ్వు మూల స్టూలు మీద కూర్చుని, మూతి దగ్గర దువ్వెన పెట్టుకుని, నా వంతెప్పుడు నాయనా అని చూస్తుంటావు.

ఫ్లూటాయన గుర్తున్నాడా? మా సంఘం ఆయన వెనక కూడా చిన్నగానే మొదలెట్టింది. ఇప్పుడాయన ఆ ఫ్లూటుతో పొయ్యి ఊదుకుంటున్నాడంట. నేను చూళ్ళేదు గానీ పొగ చూశా.

ఎందుకలా నవ్వుతున్నావు? రానియ్యమంటావా?

ఏంటా చేతులూపడం, ఇన్నేళ్ళు ఒక్కడివే వాయించుకున్నావు, పక్కన నలుగురుంటే బాగుంటుందనా? తోడు కావాలా నీకు?

అలా చూడకు. దువ్వెనంటే నవ్వింది నేనొక్కణ్ణే కాదు, అక్క కూడా. ఇప్పుడా లెక్కలెందుకు తీస్తావు? తియ్యలేదా? తియ్యలేదులే, నీ మొహం తీసింది.

నీకర్థం కావడం లేదు బావా. ఆ ఆగే చోటుంది చూడు, నువ్వు ఊపిరి పీల్చుకునే చోటు. పాటంతా అక్కడే ఉంది. నీకు ఊపిరి కావాలి కాబట్టి అది ఉంది. గిటారుకి ఊపిరక్కర్లేదు. గిటారోడికి సందు కనిపిస్తే చాలు, చెవిలో చీమలా దూరతాడు. ఆ ఒక్క సందులో ముగ్గురూ దూరతారు. ఇంక నువ్వు ఆగినా ఎవడికీ తెలియదు. నువ్వు పోయినా తెలియదు.

నాకెలా తెలుసంటే.

తెలుసు. అంతే.

అబ్బా, ఆ ఆకురాయి కింద పెట్టు బావా, ఆ గరగరలో చెప్పలేకపోతున్నా. పెట్టావా. విను మరి. కింద మెట్ల మలుపులో, కిటికీ దగ్గర, నా గిటారుంది. పెట్టెలో పెట్టి ఆనించొచ్చా. మొన్న విన్న దగ్గర్నుంచీ ఇంట్లో తలుపేసుకుని నీ పాటకి వెనక మేళం కట్టుకుంటున్నా. వాళ్ళు రేపు తెస్తారు. నేను ఇవాళే తెచ్చా. వాళ్ళకంటే ముందు నీ పక్కన నేనే కూర్చోవాలని.

ఆ సందులో నాలుగు స్వరాలు వేశా బావా. మెల్లగా, పైనుంచి కిందికి. వేసి చూసుకున్నా. నీ చెల్లెలు తలుపు తోసుకుని వచ్చి 'ఎంత బాగుందండీ' అంది. జన్మలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

బ్రహ్మాండంగా కుదిరింది బావా. అదే నా ఏడుపు. కుదరకపోతే బాధే ఉండేది కాదు.

మళ్ళీ మొన్నటిలా విందామని మనసులో అనుకుంటే, ఆ ఆగే చోట ఇప్పుడు నా నాలుగు స్వరాలే వినిపిస్తున్నాయి. నువ్వు లేవు. పాట లేదు. నేనే ఉన్నా. అందుకే అది కింద పెట్టి ఒట్టి చేతుల్తో పైకొచ్చా.

కాబట్టి రేపు వాళ్ళొస్తే తలుపు తియ్యకు. ఒట్టి చేతుల్తో వస్తే తియ్యి. భుజాన పెట్టె కనిపిస్తే తియ్యకు. గడియ వేసుకో. నేనొచ్చి కొట్టినా తియ్యకు, నన్ను అస్సలు నమ్మకు, నేను వాళ్ళందరికంటే తీపిగా బతిమాలతా.

ఏంటలా లేస్తున్నావు? కిందికెళ్ళి తెస్తావా? వద్దు బావా. నీకు దణ్ణం పెడతా, ముట్టుకోకు దాన్ని. ఎవడైనా ఎత్తుకుపోతే పోనీ.

ఓ, గడియ వెయ్యడానికా.

సరే. ఈ బస్తా మీదే కూర్చుంటాలే. ప్యాంటు పోతే పోయింది. చేతులు కూడా కిందే పెట్టుకుంటా, ఇదిగో, రెండూ పిర్రల కింద. ఇంక ఎటు కదుల్తాయో చూస్తా.

ఏదో ఒకటి అను బావా. తిట్టు పోనీ. ఇంత సేపట్నుంచి వాగుతున్నా, ఒక్క మాటైనా...

ఓహో. పళ్ళు తీసేశావా.