ఆకు కత్తెర

కామాటిపుర చాల్‌లో రెండో అంతస్తు గది. కొత్త నెయిల్ కట్టర్ టక్కుమనగానే కుక్క షేరూ మంచం కిందికి దూరింది. మనవరాలు నేల మీద బోర్లా పడుకుని పిలుస్తోంది. అవ్వ గోడకు ఆనుకుని చూస్తోంది.

“అవ్వా, గోరు వంకర తిరిగి పాదంల గుచ్చుకుంటుంది, కుంటుతుంది చూడు. బిస్కిట్ చూపిచ్చినా బయటికి రాదు.”

“నా రేకు డబ్బాల కైంచీ ఉంది, తే.”

“బీడీల ఆకు కోసేదా? దానితోని గోర్లు తెగుతయా?”

“ముందుగాల తే, పోరీ.”

“ఇగో. అరే, ఆకు లేకుండనే ఉత్త గాలిని కత్తిరిస్తున్నవేంది?”

“సప్పుడు చెయ్యకు. మంచం దిక్కు చూడు.”

“అవ్వా! వచ్చింది! నీ ఒడిల తల పెట్టింది! ఎట్ల?”

“ఇది చిన్నగున్నప్పుడు నేను దినమంతా ఆకు కోస్తుంటే ఈ సప్పుడుకే పండుకునేది. నేను కోస్తనే ఉంట. నువ్వు కట్టర్‌తోని మెల్లగ గోర్లు తియ్యి.”

“కదుల్తనే లేదు, అవ్వా... అయిపోయింది, నాలుగు కాళ్లూ. ఇగ ఆపు.”

“ఉండవే. బీడీల పని బంద్ అయినంక, ఆరేండ్లకు ఈ చేతులకు పని దొరికింది.”