వాపసొచ్చిన జంపఖానా

పెద్దనాన్న నేసే జంపఖానాలు ఆన్‌లైన్‌లో అమ్మేది ఆమే. ఆ పూట కొత్తవాడలో ఆయనింటికి వెళ్లేసరికి, మగ్గం పక్కన విప్పి ఉన్న పార్శిల్ చూసి గడపలోనే ఆగిపోయింది.

“రా బిడ్డా. నువ్వమ్మిన జంపఖానా వాపసొచ్చింది.”

“ఈడికెందుకొచ్చింది పెద్దబాపూ?”

“జీఎస్టీ నా పేరు మీదనే తీస్తివి గదా. అమ్మెటోని పేరు, అడ్రసు పెట్టాలె, రూలున్నదని నువ్వే సంతకం పెట్టించుకుంటివి.”

ఆమె లోపలికొచ్చి ఆ జంపఖానా చేతిలోకి తీసుకుంది.

“ఇది మరమగ్గం మీద నేసింది. చీటీ మీదనేమో చేనేత అని ఉన్నది. పక్కకు నా ఫొటో.”

“నువ్వు నేసేటియి ఆర్డర్లకు సాలుతలేవు పెద్దబాపూ. అందుకే జర...”

“కొన్నాయన ఫోన్ జేసిండు. ఒక్కసారి ఉతికితేనే రంగంత పోయిందట. నిజంగ నువ్వే నేసినవా అని అడిగిండు.”

“ఏమన్నవు?” అందామె.

“నేనే నేసిన అన్న. మా బిడ్డ మోసం జేసిందని ఎట్ల చెప్పాలె? కండ్లు ఆనుతలేవు, చేతులు వణుకుతున్నయి, తప్పైంది సారూ అన్న.”

మగ్గం మీద కొత్త జంపఖానా ఉంది. ఎర్రచారల్లో ఒక్క పోగు కూడా తప్పలేదు.

“ఇది రేపటికైతది. ఆయనకు పంపు.”

“చీటీల మీద నీ ఫొటో తీసేస్త పెద్దబాపూ. ఇయ్యాల్లనే తీసేస్త.”

“తీసుడెందుకు బిడ్డా? ఇప్పుడు ఆ అబద్ధం నేను గూడ ఆడిన.”