కోసిన అంచులు

ఎవరన్న ఒక్క మాట చెప్పిండ్రా నాకు? చెప్పు వెంకటేశం, నువ్వే చెప్పు. పుస్తకం ముట్టుకోవద్దు, ముట్టుకుంటే పాడైతది అని బైండర్‌కు ఎవడన్న చెప్తడా? నలభై ఏండ్లు యూనివర్సిటీ లైబ్రరీల గిదే బైండింగ్ రూంల, గిదే బల్ల మీద, ముట్టుకునుడే గదా నా కొలువు!

వద్దు వద్దు, నువ్వు లేవకు. నీ పని నువ్వు చేసుకో. చాయ్ గీయ్ ఏం వద్దు. రిటైరై మూడేండ్లాయె, ఇంక నాకు మర్యాదలేంది? జర గా స్టూల్ ఇటు జరుపు. మోకాళ్లు వట్టుకున్నయి. తార్నాక నుంచి నడిచే వచ్చిన. బస్సెక్కుదామనుకున్న గని, గీ సంచి వట్టుకొని నలుగురిల నిలబడబుద్ధి కాలే.

గదే మైదా లయ్యి వాసన, గదే జిగురు. పురుగు వట్టకుండ వేసే మైలుతుత్తం జర ఎక్కువేసినవ్. అవును, ఎక్కువే. నీకు ఎన్నిసార్లు చెప్పిన, చిటికెడు చాలని.

సంచిల ఏమున్నదా? చూపిస్తా, తొందరేంది. ముందుగాల గీ పుస్తకం చూడు. వట్టుకో. ఎర్ర కాలికో గుడ్డ, మూలలకు తోలు. వీపు మీద అక్షరాలు చూడు, బంగారు రంగు. నా బిడ్డ పేరే వేసిన: సింధూజ, సంపుటం ఒకటి. తెరువు. ఇంకా తెరువు, భయపడకు, ఇరగదు. కుట్టు ఎట్లున్నది? నా సర్వీసు మొత్తంల గింత మంచి బైండు చెయ్యలే నేను. పీహెచ్‌డీల థీసిస్‌లు ఎన్ని కుట్టినం ఇద్దరం? ఒక్కటన్న గిట్ల వచ్చిందా?

గిట్లాంటివి ముప్పై నాలుగు చేసిన. తొమ్మిది దినాలల్ల.

గా ముప్పై నాలుగుతోని నా బిడ్డ దుకాణం తెరిచిన వారానికే మూయించిన.

ఏందట్ల చూస్తవ్? పిచ్చి గిట్ల లేవలేదు నాకు. మొదటికెల్లి చెప్తా, ఇను.

సింధూజ నీకు తెల్వనిదా. చిన్నప్పుడు సెలవుల తోలుకొస్తే, అగో గా మూలకు గోనెసంచి మీద కూసోని, మనం కోసి పడేసిన కాయితాల మీద బొమ్మలు గీసేది. నువ్వే గదా ఎర్ర పెన్సిల్ ఇచ్చినవ్ ఒకసారి. ఇంటికొచ్చినంక గోడలన్ని ఎర్రగ చేసింది, మీ వదిన నిన్ను తిట్టింది.

గా బొమ్మల పుస్తకాల పిచ్చి అంటించింది నేనే. ఆదివారం సైకిల్ ముందర కడ్డీ మీద కూసోబెట్టుకొని అబిడ్స్ పోయేటోన్ని. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తరు గదా, గాడ ఒకటి ఏరుకున్నది. 'ఉల్కారాణి' అట. ఆకాశం నుంచి ఊడిపడ్డ ఆడపిల్ల, వెండి రెక్కలు, దొంగల ఎంట వడి తంతది. ఇంటికొచ్చేదాక సైకిల్ మీద నాకే చదివి వినిపిచ్చింది. గప్పటికెల్లి ఇగ ప్రతి ఆదివారం అబిడ్సే. దొరకని నంబర్లు చీటీ మీద రాసుకునేది, ఒక్కోటి దొరికితే కొట్టేసేది. ఇరవై ఏండ్లు ఏరుకున్నది వెంకటేశం. నాలుగు వందల పైన అయినయి.

పెద్దగైనంక ఏం చేసిందో తెలుసా? వెండి రంగు గుడ్డ తెచ్చి రెక్కలు కుట్టుకున్నది. అట్టతోని కిరీటం. గట్లనే వేసుకొని ఏదో కామిక్ మేళాకు పోతానంటది! మా గల్లీ నుంచి బస్‌స్టాప్ దాక గట్లనే నడిచింది. కిరాణం కాడ ఆడోళ్లు మూతికి కొంగు అడ్డం వెట్టుకున్నరు. నేను? నేను ఇరవై అడుగులు ఎనక నడిచిన. నాకు గా పిల్ల ఎవరో తెల్వనట్టు. గా కిరీటానికి అట్ట కోసిచ్చింది నేనే, అయినా ఎనకనే నడిచిన.

గా సంగతి మనసుల పెట్టుకో. మల్ల దానికాడికే వస్తా.

చదువు గీ క్యాంపస్‌లనే అయ్యింది. రామంతాపూర్ల ఒక ఆఫీసుల కొలువు దొరికింది. పొద్దుగాల పోవుడు, కంప్యూటర్ ముందట కూసునుడు, పొద్దుగూకి వచ్చుడు. గని శనివారమొస్తె ఆర్ట్స్ కాలేజ్ మెట్ల మీద దాని లోకం వేరే. పది మంది, ఇరవై మంది పిల్లలు చుట్టూ చేరేటోళ్లు. బొమ్మలు గీసుకునుడు, ఎవరి కథ వాళ్లు చెప్పుకునుడు, ఉల్కారాణి గొప్పదా ఇంకొకామె గొప్పదా అని గంటలు గంటలు కొట్లాట! ఒకనాడు నేను దూరం నుంచి చూసిన. నా బిడ్డ గట్ల నవ్వంగ ఇంట్ల ఎన్నడు చూడలే నేను.

గా పిల్లలే అన్నరట, అక్కా, ఒక దుకాణం పెట్టరాదు అని. ఇగ అయిపాయె. కొలువు ఇడిసిపెట్టింది. తార్నాకల లోపటి గల్లీల చిన్న షటరు కిరాయికి తీసుకున్నది. నేను ఒప్పుకోలే. మస్తు లొల్లి చేసిన. బొమ్మల పుస్తకాలు అమ్ముకోని బతుకుతవా, సిగ్గులేదా అన్న. మూడు నెలలు మాట్లాడలే దానితోని. ఒక దినం గా షటరు కాడికి పోయి చూస్తే, ఒక్కతే స్టూలెక్కి గోడకు సున్నం వేస్తున్నది. నన్ను చూసి దిగలే. "బాపు, గా డబ్బ ఇటందుకో" అన్నది, పొద్దున్నే మాట్లాడినట్టు. అందిచ్చిన. గంతే, నా కోపం పోయింది.

దుకాణం పేరు ఉల్కా కామిక్స్. బోర్డు తనే రాసింది. పాతవి కొన్ని అమ్మాలె, కొన్ని గాడనే కూసోని చదువుకోనియ్యాలె, ఒక పెద్ద బల్ల వేసి పిల్లలు గీసుకునేతందుకు ఇయ్యాలె. దాని ప్లాను గది. గా నాలుగు వందల పుస్తకాలే దానికి ఆధారం. అవి చూసేతందుకే జనం వస్తరు అన్నది. ఒక్కోటి ప్లాస్టిక్ కవర్ల వెట్టి, ఎనక అట్ట వెట్టి, పిల్లల్ని పండబెట్టినట్టు డబ్బాలల్ల వెట్టింది.

తెరిచేముందు బెంగుళూరుల ఒక మేళా, పుణెల ఇంకో మేళా అని పది దినాలు పోయింది. తను గీసిన బొమ్మలు చూపెట్టుకునేతందుకు. తాళంచెవి నాకిచ్చి పోయింది.

నేనేమో డబ్బాలు తెరిచి చూసిన. పిన్నులు తుప్పు వట్టినయి. అంచులు నలిగినయి. కాయితం పచ్చవడ్డది. నా చేతులు ఊరుకుంటయా? నీ చేతులు ఊరుకుంటయా వెంకటేశం, చెప్పు!

మనం మ్యాగజైన్లు ఎట్ల చేస్తం? పిన్ను పీకుతం. పైన అట్ట తీసి పారేస్తం. పన్నెండు నంబర్లు ఒక్కతాన వెట్టి కుడతం. మూడు దిక్కుల అంచులు కోస్తం. గదే చేసిన! నాకు వచ్చిన పని గదొక్కటే. మీ వదిన సూదికి దారమెక్కిచ్చి ఇచ్చింది. కోతకు వారాసిగూడల ఎరికైన ప్రెస్సుకు పోయిన. పదో దినం పొద్దుగాల ముప్పై నాలుగు సంపుటాలు ర్యాకులల్ల వరుసగ నిలబెట్టిన. లైబ్రరీ లెక్క మెరిసింది దుకాణం. కండ్లల్ల నీళ్లు తిరిగినయి, నిజం.

బిడ్డ వచ్చింది. సంచి భుజం మీదనే ఉన్నది. నిలబడ్డది. మొదటి సంపుటం తీసింది. తెరిచింది. గీ అంచు మీద వేలు వెట్టి నిమిరింది, ఇగో గీడ. చూడు, బొమ్మ పక్కకు మాటలుంటయి గదా, గా మాటలల్ల చివరి అక్షరాలు కోతల పోయినయి. ఉల్కారాణి రెక్క సగం పోయింది. నేను చూసుకోలే. దాని వేలు గాడ ఆగింది.

"మంచిగున్నయి బాపు" అన్నది.

గంతే. ఏడ్వలే, ఒర్లలే. నేనేమో, ఎహె, బిడ్డ ఖుషీ అయ్యింది, మాటలొస్తలేవు అనుకున్న. మీ వదిన మాత్రం నా దిక్కు అదోతీరుగ చూసింది.

ఆదివారం దుకాణం తెరిచినం. మెట్ల మీది పిల్లలందరు వచ్చిండ్రు. విద్యానగర్ నుంచి భానుప్రకాశ్ అని ఒక పెద్దమనిషి వచ్చిండు. పాత కామిక్స్ కోసం ఊర్లు తిరిగేటాయన. బిడ్డ ముందే పిలిచింది, మొదటి గిరాకీ ఆయనదే కావాలని. నేను జిలేబి పళ్లెం వట్టుకొని ఎదురుపోయిన. ఆయన ఒక సంపుటం తీసి తెరిచిండు. ఇంకోటి తెరిచిండు. మూడోది తెరవలే. మొఖం పాలిపోయింది ఆయనకు.

"ఎవరు చేసిండ్రమ్మా గీ పని? అట్టలు లేవు, అంచులు కోసిండ్రు. అట్టనే గదమ్మా దీని పానం. ఒక్కటి గూడ మిగల్చలేదా?"

దుకాణంల పిల్లలందరు ఆయన దిక్కు తిరిగిండ్రు. పళ్లెం నా చేతులనే ఉన్నది. నా దిక్కు ఎవరు చూస్తలేరు. నేనని ఎవరికి తెలుసు?

నా బిడ్డ ముందుకొచ్చింది. "నేనే చేయించిన సార్" అన్నది. "నాకు తెల్వలే" అన్నది.

ఇరవై ఏండ్లు ఏరుకున్న పిల్ల, నాకు తెల్వలే అని గా ఇరవై మంది ముందట తలకాయ దించుకున్నది. ఆయన జాలిగ చూసి పోయిండు. పిల్లలు గూడ కొద్దిసేపు కూసోని పోయిండ్రు. జిలేబి గట్లనే ఉన్నది.

వారం దినాలకు షటరు ఖాళీ చేసింది. మల్ల రామంతాపూర్ ఆఫీసుకే పోతున్నది. బతిమిలాడుకొని మల్ల చేరింది. శనివారాలు మెట్ల కాడికి పోతలేదు. పెన్సిల్ ముడుతలేదు. ఒక పిల్ల ఇంటికొచ్చి అడిగింది, అక్కకు పానం బాగలేదా అంకుల్ అని. ఏం చెప్పాలె?

నన్ను తిట్టినా మంచిగుండేది వెంకటేశం. తిడతలేదు. ఎన్నడు లేనంత మంచిగ మాట్లాడుతున్నది. తిన్నవా బాపు, గోలి వేసుకున్నవా బాపు. సుట్టమింటికి వచ్చిన పిల్ల మాట్లాడినట్టు. అదే నాకు సైస్తలేదు.

అందుకే వచ్చిన. ఇగో, సంచి ఇప్పుతున్న. గివి అట్టలు. పీకినంక చిత్తుకాయితాలోనికి ఏసిన, ఇప్పుడు వాని ఎంట వడ్డ. వారాసిగూడ, చిలకలగూడ, గోదాములన్ని తిరిగిన, చిత్తుల చేతులు వెట్టి దేవులాడిన. ఏడు దొరికినయి. నాలుగు వందలల్ల ఏడు. గివి ఏమో అంచులు. ప్రెస్సుల మిషన్ కింద పడ్డ పట్టీలు, పారేయలే వాడు, నా అదృష్టం. సన్నగ, రంగురంగులవి. గీ నీలం పట్టీ ఉల్కారాణి ఆకాశం. గీ వెండి రంగుది రెక్క.

మనిద్దరం కూసుంటే అతికియ్యలేమా? పల్చటి టిష్యూ కాయితం వెట్టి, ఒక్కో పేజీకి ఒక్కో పట్టీ. నాకు టైం ఉన్నది. చచ్చేదాక టైం ఉన్నది.

గట్ల తల ఊపకు.

తెలుసు. నాకు తెల్వదా, నీకు పని నేర్పింది నేను. కోసింది అతుకదు. అయినా నీ నోటితోని ఇందామని వచ్చిన.

ఏందీ? బిడ్డ ముందే చెప్పి పోవాలె గదా అంటవా? దానిదే తప్పు అంటవా?

ఆగు. గట్లనకు. దాన్ని ఏమనకు.

చెప్పింది వెంకటేశం. చెప్పింది. తాళంచెవి ఇచ్చేటప్పుడు ఒక కవరు తీసి చూపెట్టి మరీ చెప్పింది. "బాపు, తుప్పు వట్టినా పిన్ను పీకద్దు, అట్ట చినిగినా తియ్యద్దు, ఇవి గిట్లనే ఉండాలె" అని. రెండుసార్లు చెప్పింది. బస్సెక్కినంక ఫోన్ చేసి మల్లొకసారి చెప్పింది. సరే బిడ్డా అన్న. ఇన్న, మంచిగ ఇన్న. ఇని గూడ, చిన్నపిల్ల, దానికేం తెలుసు పుస్తకం సంగతి అనుకున్న. నలభై ఏండ్ల పనోన్ని నేను, నాకు చెప్తదా అనుకున్న.

ఇంకోటి చూడు. ఎనక అట్ట తెరువు, లోపట. కింద మూలకు, చిన్న చీటీ. కనవడ్డదా? చదువు.

'బైండింగ్: గట్టయ్య.'

ముప్పై నాలుగింటికి అతికిచ్చిన. గిన్నేండ్లు గిన్ని పుస్తకాలు కుట్టిన, యాడన్న నా పేరు ఉన్నదా? బిడ్డ దుకాణంలనన్న ఉండాలని ఆశవడ్డ. తన కోసం చేసిన అని అందరికి చెప్తున్న గని, గిదీ సంగతి. కత్తి నా పేరు కోసం పెట్టిన.

గా చీటీ దానికి కనవడలేదు అనుకున్న. నిన్న ఇంట్ల అల్మారి తీసి చూస్తే, ముప్పై నాలుగిట్ల గా చీటీ లేచిన మూలలకు మల్ల లయ్యి వెట్టి ఒత్తి ఉన్నది; దుకాణం తెరిచే ముందు రాత్రే బిడ్డ ఒత్తిందని మీ వదిన చెప్పింది. ఒక్కటి గూడ చింపలే. అంటే గా దినం భానుప్రకాశ్ సార్ ముందట, నా పేరు చూసి గూడ, నేనే చేయించిన అన్నది.

నేను ఇరవై అడుగులు ఎనక నడిచినోన్ని. అది నా ముందర నిలబడ్డది.

కత్తియ్యి వెంకటేశం, గీ చీటీ మీది నా పేరు గీకేస్తా. లేదంటే నువ్వే గీకు. నేను పుస్తకం కదలకుండ వట్టుకుంటా.