చేతులు దించినవాడు

నేనా? నేనెందుకు చెప్పాలమ్మా క్షమాపణ? అదీ వాడింటికి వెళ్ళి, వాడి గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి? బాగుంది వరస! కాలు తొక్కినవాడు సోఫాలో, తొక్కించుకున్నవాడు గుమ్మంలో!

ఆ, విన్నాను, విన్నాను. గట్టిగా అరవక్కర్లేదు. చెవులు బాగానే పనిచేస్తున్నాయి. మోకాలే పనిచెయ్యదు.

కూర్చోమంటావా? సరే, కూర్చుంటాను. టీ వద్దు. పోస్తున్నావా? అయితే పాలు కాస్త ఎక్కువ పొయ్యి ఆయ్‌గానిమ్ తల్లీ. మీ కాలం పిల్లలు టీని మందులా తాగుతారు.

ఈ నీలం చొక్కా విప్పమంటే విప్పుతాను. దానికింత ఉపోద్ఘాతం దేనికి? ఉద్యోగం ఊడుతుందని వణకడానికి నేనేమైనా జీతగాణ్ణా? వాలంటీరుని. అంటే ఏమిటి? ఊరికే వచ్చేవాడు, ఊరికే పోయేవాడు. రెండు శీతాకాలాలుగా మీ అక్వేరియంలో అద్దాల మీద పిల్లల వేలిముద్రలు తుడుస్తున్నాను. ముక్కుల ముద్రలు కూడా. ముక్కు ముద్ర తుడవడం ఎంత కష్టమో నీకేం తెలుసు, ఆఫీసులో కూర్చునేదానివి.

మొన్నొక పిల్లాడు అద్దం మీద టకటకా కొడుతున్నాడు. "బాబూ, మీ ఇంటి తలుపు మీద ఎవరైనా రోజంతా ఇలా కొడితే నీకెలా ఉంటుంది?" అన్నాను. వాడేమన్నాడో తెలుసా? "మా ఇంటికి బెల్లుంది తాతా" అన్నాడు! ఏం చెప్తావ్ ఇంక?

సరే, సరే. విషయానికి వస్తున్నా. మన అతిరావ్‌ని ఇంకా గూరియెవ్ అనే రోజుల్లో నేను ఈ ఊరి కాలేజీలోనే చదివాను. అక్కడ చరిత్ర చెప్పే ఆయన అనేవాడు, "ఒతెగెన్, నువ్వు జవాబు దగ్గరికి నడిచి వెళ్ళవు. ఒంటె మీద వెళతావు. అదీ దాన్ని మేపుకుంటూ" అని. మంచివాడు. పోయాడు పాపం.

నేను శపించానా? ఎవరన్నారు? కెంజెగాలిగారన్నారా?

ఏదీ, చూడు. నా చేతులు ఎలా ఉన్నాయి పొద్దున ప్రారంభోత్సవంలో? ఇలా. అరచేతులు ఆకాశం వైపు. శపించేవాడు చేతులు తిప్పేస్తాడు, అరచేతులు బయటికి పెడతాడు. ఆ సంగతి మన దగ్గర పాలు మరవని పిల్లలకి కూడా తెలుసు. నేను తిప్పడం నువ్వు చూశావా? ఫోన్లలో వీడియోలు తీశారుగా, చూసుకోండి. నేనిచ్చింది బతా. ఒట్టి దీవెన. కాస్త పొడుగు దీవెన, అంతే.

నీకు కెంజెగాలి అంటే ఎవరు? కొత్త తొట్టి కట్టించిన దాత. గేటు దగ్గర పాలరాతి మీద బంగారు అక్షరాలు. నాకెవరో చెప్పనా? నువ్వు అప్పటికి పుట్టి ఉండవులే.

సోవియట్ యూనియన్ కూలిపోయి, జీతాలు ఆగిపోయి, జనం గోడల మీద తివాచీలు అమ్ముకుని రొట్టె కొనుక్కునేవాళ్ళు. ఆ రోజుల్లో నది ఒడ్డున చేపపిల్లల్ని పెంచే కేంద్రం ఒకటుండేది. దానికి వాడు డైరెక్టరు. మా ఆవిడ జ్లిఖా అక్కడ బెకిరె చేపల పిల్లల్ని పెంచేది. ఇప్పుడు మీ పెద్ద తొట్టిలో మనిషికంటే పొడుగ్గా తిరుగుతుంటాయే, మూతి కింద మీసాలేసుకుని, అవే. అప్పుడు అరచేతిలో పట్టేవి. జీతం రాకపోయినా వెళ్ళేది. "వాటికి తెలీదుగా యూనియన్ పోయిందని, ఆకలేస్తుంది" అనేది.

ఒక ఏడాది ఆ చేపల నల్ల గుడ్లు, బంగారం ధర పలికేవి, మాయమయ్యాయి. పీపాలకి పీపాలు! ఎక్కడికి పోయాయో ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. రాజధాని నుంచి తనిఖీవాళ్ళు వస్తున్నారన్నారు. వాళ్ళు వచ్చేసరికి జ్లిఖా అలమరలో ఒక గుడ్ల సీసా దొరికింది.

పీపాలు పోతే సీసా దొరికిందమ్మా! ఆ సీసా మూతతోనే అన్ని పీపాలకీ మూత పెట్టేశారు.

జైల్లో వెయ్యలేదులే, దయామయులు. ఉద్యోగం తీసేసి పేరు పెట్టారు. గుడ్లదొంగ జ్లిఖా. బజారులో చేపల వరసలో ఆవిడ నడిచొస్తుంటే అమ్మేవాళ్ళు గంపల మీద గుడ్డ కప్పేవాళ్ళు. నవ్వుతూనే కప్పేవాళ్ళు. కొట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి మా ఇంట్లో చేప వండలేదు. నది ఒడ్డున పుట్టిన ఆడది! చేప తినకుండా ముప్ఫై ఏళ్ళు!

వాడో? గోపురం ఉన్న ఇల్లు కట్టాడు. మసీదనుకుని ఎవరో ముసలాయన గేటు దగ్గర చెప్పులు విప్పాడట కూడా.

నవ్వకు తల్లీ, నవ్వితే నాకు ఏడుపొస్తుంది.

ఆ కేంద్రం మూతపడ్డాక మిగిలిన చేపలు చేతులు మారి చేతులు మారి మీ దగ్గరికొచ్చాయి. నేను మొదటిసారి టికెట్ కొనుక్కుని ఊరికే వచ్చాను. బయట చలి, లోపల వెచ్చగా ఉంటుందని. అద్దం ముందు కూర్చున్నాను. ఒక ముసలి బెకిరె నా ముందు నుంచి వెళ్ళింది. వాటి వీపు మీద కోటు బొత్తాల్లా ఎముక బిళ్ళలుంటాయి కదా వరసగా? దానికి మధ్యలో ఒకటి లేదు.

నా చేతిలో టోపీ కింద పడిపోయింది.

జ్లిఖా చెప్పేది. పిల్లగా ఉన్నప్పుడు పక్కది కొరికేస్తే బిళ్ళ ఊడిపోయిందట. బతకదన్నారట. ఈవిడ వేరే గిన్నెలో పెట్టి, వేళ్ళతో మేపి బతికించింది. "బొత్తం ఊడినదానా" అని పిలిచేది.

ఇంటికి పరిగెత్తాను. పరిగెత్తడమంటే, ఈ మోకాలితోనే. "జ్లిఖా, నీ బొత్తం ఊడినది బతికే ఉందే! నాకంటే పొడుగుంది! చూద్దువుగాని రా" అన్నాను. రొట్టెపిండి పిసుకుతోంది. చేతులు ఆగిపోయాయి.

"గేటు మీద వాడి పేరుందటగా?" అంది.

"ఉంటే?"

"గుడ్లదొంగ చేపల్ని చూడ్డానికొచ్చింది, జేబులు వెతకండి అంటారు. నేను రాను."

మళ్ళీ పిసకడం మొదలెట్టింది. ఆ పూట రొట్టె రాయిలా వచ్చింది. అయినా తిన్నాను. ఆ రాయి ఇప్పటిదాకా ఇక్కడే ఉందమ్మా, ఈ గుండె కింద.

ఇప్పుడు పొద్దుటి సంగతి.

నన్ను ముందుకి ఎవరు పిలిచారు? నువ్వా? కాదు. నేను మూల నిలబడి ఉన్నాను, చేతిలో తుడిచే గుడ్డతో. వాడే మైకు పట్టుకున్నాడు. "పెద్దల నోటిమాట లేకుండా రిబ్బను కత్తిరించడం మన ఇంటా వంటా లేదు. అదిగో, మన వాలంటీరు తాతగారు! రండి తాతా, బతా ఇవ్వండి!" అన్నాడు. టై కట్టుకున్న పెద్దమనిషికంటే గుడ్డ పట్టుకున్న పెద్దమనిషి ఫోటోలో బాగుంటాడు కదా. గడ్డం చూశాడు, నీలం చొక్కా చూశాడు. మొహం మాత్రం చూడలేదు.

వెళ్ళాను. చేతులెత్తాను. అందరూ ఎత్తారు.

ఇక నీకు తెలుసు. పెద్దవాడు బతా మొదలుపెట్టాక, ఆఖరి ఆమీన్ అని మొహం తుడుచుకునేదాకా ఎవడూ చేతులు దించకూడదు. మధ్యలో దగ్గితేనే తప్పు, ఇంక మైకు లాక్కోవడం మాట చెప్పాలా? మన తాతలు ఈ ఆచారం ఎందుకు పెట్టారా అనుకునేవాణ్ణి. నాలాంటివాళ్ళ కోసమే పెట్టి ఉంటారు.

ముందు మామూలుగానే నడిపించాను. నీళ్ళు చల్లగా ఉండాలి. ఆమీన్. పిల్లలు నవ్వుతూ రావాలి. ఆమీన్. ఫోటోలవాడు కూడా, పాపం, కెమెరా మెళ్ళో వేలాడేసుకుని చేతులెత్తాడు.

"బొత్తం ఊడిన ముసలి బెకిరె నూరేళ్ళు బతకాలి" అన్నాను. ఆమీన్ అన్నారు. "దాన్ని అరచేతిలో పెంచిన జ్లిఖా నూరేళ్ళు బతకాలి" అన్నాను.

అప్పుడు చూశాడమ్మా నా మొహం. ముప్ఫై ఏళ్ళకి చూశాడు.

"ఆ జ్లిఖా చెయ్యి గుడ్ల సీసాని దొంగిలించి ఉంటే, దీవించే ఈ నాలుక ఇక్కడే ఎండిపోవాలి" అన్నాను. ముందు నా మీదే వేసుకున్నాను, చూశావా? న్యాయంగా. హాలంతా ఆమీన్ అంది.

"ఆమె అలమరలో ఆ సీసాని వేరే చెయ్యి పెట్టి ఉంటే, ఆ చెయ్యి వడ్డించింది వాడి సొంత మనవలు కూడా ముట్టకూడదు" అన్నాను. వాడు కట్టించిన తొట్టిని మాత్రం ఒక్క మాట అనలేదు. లోపల మన చేప ఉందిగా.

చెప్పు ఇప్పుడు. ఇది శాపమా? తప్పు చెయ్యనివాడికి తగిలేదేముంది ఇందులో? టికెట్లమ్మే అమ్మాయి ఆమీన్ అంది, దానికేమైంది? డోంబ్రా వాయించే పిల్లలన్నారు, వాళ్ళకేమైంది? వాడూ ఆ ఒక్క మాట అనేసి ఉంటే నేను ఓడిపోయేవాణ్ణి. పిచ్చి ముసలోడనేది ఊరు. పుట్టినప్పటినుంచీ అబద్ధాలాడుతున్నవాడు, ఇంకొక్కటి ఆడలేడా? 

చేతులు దించేశాడు.

అందరి చేతులూ పైన ఉన్నాయి. వాడివి రెండూ మెల్లిగా దిగి, కోటు జేబుల్లోకి వెళ్ళాయి. పక్కన వాడి పెళ్ళాం చేతులెత్తి నిలబడే ఆ జేబుల వంక చూసింది. చూశావా ఆ చూపు? ఏ కోర్టూ చెయ్యని పని ఆ రెండు జేబులు చేశాయి తల్లీ. నేను మాత్రం తొందరపడలేదు. ఆ జేబుల్ని ఊరంతా తనివితీరా చూడనిచ్చి, అప్పుడు ఆఖరి ఆమీన్ అన్నాను.

తర్వాత నా పక్కనుంచి వెళుతూ పళ్ళు బిగించి, "ఏం కావాలిరా నీకు?" అన్నాడు.

"ఏం వద్దు బాబూ. ఓసారి నీ చేతులు చూద్దామని" అన్నాను.

తియ్యలేదు.

విందులో గొర్రె తల తెచ్చి వాడి ముందే పెట్టారు. ముఖ్య అతిథి కదా, కోసి అందరికీ వడ్డించాల్సింది వాడే! అది ఆవిర్లు కక్కుకుంటూ వాడి వంకే చూస్తోంది. కొయ్యాలంటే చెయ్యి తియ్యాలి. తీస్తే, ఆ చెయ్యి వడ్డించింది ఎవరు తింటారు? అందరూ పళ్ళేల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఫోనొచ్చిందని లేచి కారెక్కేశాడు. ఏ ఫోనూ మోగలేదు. చెప్పానుగా, చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

ఏమిటీ? తల కనపడటం లేదని వంటవాళ్ళు గోల పెడుతున్నారా?

ఇదిగో, ఈ సంచిలో ఉంది. ఆ గుడ్డ తియ్యకు, చల్లారిపోతుంది. ఇవాళ దాన్ని మా ఇంట్లో జ్లిఖా ముందు పెడతాను. ఆడవాళ్ళ ముందు తల పెట్టరా? నాకే చెబుతున్నావా ఆచారాలు! పెడతాను. చెవి కోసి నాకు పెట్టమంటాను, చిన్నపిల్లలకి పెట్టినట్టు. ఇకనైనా ఆవిడ మాట వింటానని.

నేనిక్కడుంటే వాడు మళ్ళీ ఈ గడప తొక్కనన్నాడా? అదా నీ బాధ? తీసుకో, చొక్కా. వాలంటీరు బిళ్ళ కూడా తీసుకో. జేబులో తుడిచే గుడ్డ ఉంది, ఉతికిందే.

ఒక్కటి చెప్పి పోతాను. మొదటిరోజు నువ్వడిగావు, "ఎందుకు వాలంటీరుగా చేరాలనుకుంటున్నారు తాతా?" అని. చేపలంటే ప్రేమ అన్నాను. నీ కళ్ళు చెమర్చాయి. అబద్ధమమ్మా. సగం అబద్ధం. గేటు మీద వాడి పేరు చూశాను, కొత్త తొట్టికి పునాది తవ్వడం చూశాను. కట్టాక వాడు వస్తాడు, వస్తే బతా అడుగుతాడు. గోపురం ఇంటికీ అడిగాడు, పెట్రోలు బంకుకీ అడిగాడు. దొంగకి దీవెనల మీద ఆశెక్కువ. కానీ బతాకి ఎవర్ని పిలుస్తారు? తెల్లగడ్డం పెద్దవాణ్ణి.

నాకు అప్పటిదాకా గడ్డం లేదు తల్లీ. జన్మంతా నున్నగా గీసుకున్నవాణ్ణి. జ్లిఖాకి గుచ్చుకుంటుందని గొడవ. ఈ గడ్డం వాడి కోసమే పెంచాను. రోజూ అద్దాలు తుడుస్తూ, అందులో దీన్నే చూసుకునేవాణ్ణి, ఎంతదాకా వచ్చిందా అని.

ఈ రాత్రికి గీసేస్తాను.

రేపు మేమిద్దరం వస్తాం. టికెట్లు కొనుక్కునే వస్తాంలే. గేటు దగ్గర జేబులు వెతుకుతామంటే వెతకండి, ఆవిడ జేబుల్లో రుమాలు తప్ప ఏమీ ఉండదు. ఆ చేప ముందు కాసేపు కూర్చోనివ్వు, అంతే. అది గుర్తుపట్టదని నాకూ తెలుసు. ఈవిడ పడుతుంది.

క్షమాపణా? ఇంకా అదే మాటా? సరే, పద, వెళ్దాం. కానీ ఇద్దరం వెళ్ళాలి. నేనొక్కణ్ణే అన్నానా ఆమీన్? నా ఎడమ పక్క నిలబడి, అందరికంటే గట్టిగా ఎవరన్నారు?

విన్నానమ్మా. మోకాలే పనిచెయ్యదు.