కొత్త బ్రేకులు, కట్ట మీది జింక

శామీర్‌పేట చెరువు కట్ట కింద సోమయ్య చాయ్ హోటల్. ప్లాట్ల దందాలోకి దిగి కారు కొన్నప్పటి సంది ప్రతాప్ పటేలుకు పొద్దున పూట అక్కడ బెంచీ ఎక్కి మాట్లాడటమే పని. ఆ రోజూ మొదలుపెట్టాడు.

"మొన్న సుచిత్ర చౌరస్తా కాడ కారుకు టైర్లు, బ్రేకులు అన్నీ కొత్తయి ఏపిచ్చిన. గా మెకానిక్ నాకు సుద్దులు జెప్పవట్టె. కొత్త టైరు మీద నున్నటి పూత ఉంటదంట, అది అరిగేదాక జారుతదంట. కొత్త బ్రేకులు గుడ ఒరుసుకోని కుదురుకోవాల్నంట. కొన్ని దినాలు మెల్లగ పో పటేలా, దూరంకెల్లే మెత్తగ తొక్కు, ముందటి బండికి ఎడం ఇడువు అన్నడు. మెల్లగ పోవుడే అయితే కారెందుకురా, మా తాత ఎడ్లబండి కొట్టంల పడున్నది గద అన్న. ట్రాక్టర్ మీద పెరిగినోన్ని, నాకు బ్రేకు తొక్కుడు నేర్పుతడా వాడు."

"మరెట్ల పోయినవన్నా?" ఆటో నడిపే పర్వతాలు అడిగాడు.

"మేడ్చల్ కాడ మలిగి ఇటు రోడ్డెక్కిన. స్పీడు ముల్లు తిరిగి తిరిగి, ఇగ అంకెలు లేవని మళ్ల సున్న కాడికొచ్చింది. వాన మొదలైంది గని నా కారు తడువలే, చినుకు చినుకు నడిమిట్లకెల్లి పోనిచ్చిన. కట్ట మలుపు కాడ ఏమైందో ఎర్కనా? జింకల పార్కుకెల్లి నిలువెత్తు జింక రోడ్డు మీదికి దుంకింది. కాలి బొటనేలు, గంతే, బొటనేలు ఆనిచ్చిన బ్రేకు మీద. కారు మేకు దిగినట్టు ఆగింది. కింద తారురోడ్డు చాప లెక్క ముడుచుకపోయింది. ఇప్పటికీ గాడ గతుకులున్నయ్, సూస్కోండ్రి."

"గా గతుకులు పోయినేడాదియి గద," అన్నాడు సోమయ్య.

"నువ్వు చాయ్ సంగతి సూడు. గా ఊపుకు ఎనక లారీ ఆగింది, దానెనక కరీంనగర్ బస్సు ఆగింది, ఇగ చెరువుల అలలు గుడ లేచినయి లేచినట్టే ఆగినయ్, అండ్ల చేపలు నన్నే సూస్తున్నయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జింక వచ్చి బానెట్ మీద తల ఆనిచ్చి దండం బెట్టింది. కండ్లల్ల నీళ్లు. దాని పిల్లకు నా పేరే పెడతది కావచ్చు."

గోడ పక్కన చేపల గంపతో కూర్చున్న శంకరమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. కుడి చేయి గుడ్డ కట్టుతో మెడకు వేలాడుతోంది.

"గా దినం కట్ట మీద జింక లేదు పటేలా. గంప నెత్తిన పెట్టుకోని రోడ్డు దాటేది నేను. నువ్వు బ్రేకు మీద నిలవడ్డవ్ గని నీ కారు సబ్బు మీద కాలేసినట్టు జారుకుంటనే వచ్చింది. గంప ఇడిసిపెట్టి దుంకిన, చెయ్యిరిగింది. నా చేపల మీదికెల్లి పోయి, దిగువ బురదల కూరుకపోయినంక ఆగింది నీ కారు. మా చేపలు పట్టే గాలయ్యోల్లు వచ్చి తాళ్లేసి గుంజిన్రు."

ప్రతాప్ ఏదో అనబోయాడు.

"నువ్వు అద్దం దించి మొదలు అడిగిన మాట యాదికున్నదా?" ఆమె గొంతు పెంచలేదు. "కారుకు గీతలు వడ్డయా అన్నవ్. నేను ఇంక రోడ్డు మీదనే పడున్న."

పర్వతాలు లేచి గంప ఆమె నెత్తికెత్తాడు.