నాలుగు సెకన్లు

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఇద్దరే ఉన్నారు. కుర్చీలో కూర్చున్నామె డేటాబేస్ చూసుకునే మనిషి. తలుపు దగ్గర నిలబడ్డాయన ఆమె పై అధికారి.

“మళ్ళీ తీసేశావా?”

“తీసేశాను సార్. డాక్టర్ల పేర్లు, వార్డులు, మందుల జాబితా అన్నీ మెమరీలోనే ఉంచాను. అవి రెప్పపాటులో వస్తాయి. రక్తం నిల్వ లెక్క ఒక్కటే మెమరీలోంచి తీసేశాను, దాన్ని కంప్యూటర్ ప్రతిసారీ డేటాబేస్‌ను అడిగి తెస్తుంది.”

“నాలుగు సెకన్లు పడుతోందమ్మా! రేపు ఛైర్మన్ గారు చూస్తారు. దాన్నీ మెమరీలో పెడితే నీ సొమ్మేం పోయింది?”

“మెమరీలో ఉండేది ఐదు నిమిషాల కిందటి కాపీ సార్. మొన్న అది రెండు ప్యాకెట్లు ఉన్నాయంది. ఆపరేషన్ బల్ల మీద మనిషిని పెట్టుకుని, నర్సు మూడంతస్తులు దిగి పరుగెత్తింది. ఫ్రిజ్ ఖాళీ.”

“ప్యాకెట్ బయటికి వెళ్ళగానే కాపీ చెరిపెయ్. అంతేగా?”

“రక్తం గదివాళ్ళు ఇంకా పాత ప్రోగ్రాంలోనే రాస్తున్నారు. అది నేరుగా డేటాబేస్‌లోకి పోతుంది. మెమరీకి ఆ కబురే అందదు. దాన్ని మార్చమని ఏడాదిగా మీ చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాను.”

“ఛైర్మన్ గారికి నేనేం చెప్పను?”

“మీరేం చెప్పక్కర్లేదు. ఆ నాలుగు సెకన్లూ తెరమీద ఒక వాక్యం కనబడుతుంది. ‘ఫ్రిజ్‌లో ఇప్పుడు ఎన్ని ఉన్నాయో చూస్తున్నాం’ అని. కింద నా పేరు.”

“నా మాటంటే ఇంత అలుసా! లే, నేనే మార్చేస్తాను.”

ఆమె లేచి కుర్చీ ఆయనవైపు తిప్పింది.

“మార్చండి సార్. కింద నా పేరు తీసి మీ పేరు పెట్టుకోండి.”

ఆయన కూర్చోలేదు.

“ఆ పాత ప్రోగ్రాం మార్చడానికి ఎన్నాళ్ళు?”

“మీరు ఊఁ అంటే మూడు వారాలు. అందాకా నాలుగు సెకన్లే సార్.”